బల్ల కాలి కింది కాగితం

మీ ఇంటి మనిషి ఒకరు ఏళ్ల తరబడి రాస్తూ ఉండి, ఆ రాతలో ఒక్క పేజీ కూడా మీరు చదవలేకపోతే, ఆ లోపం ఎవరిదని చెబుతారు? రాసినవారిదా, ఆ లిపి రానివారిదా, లేక ఒకే కప్పు కింద ఉంటూ ఏం రాస్తున్నావని ఒక్కనాడూ అడగనివారిదా?

ఈ ప్రశ్నను నేను చాలాకాలం డిబేట్ వేదిక మీద వేసినట్టే వేస్తూ వచ్చాను. అంటే, జవాబును ముందే చేతిలో పెట్టుకొని. డిగ్రీ మూడేళ్లూ కాలేజీ జట్టులో ఉన్నదాన్ని. తీర్మానాన్ని సమర్థించమంటే సమర్థించాను, ఖండించమంటే ఖండించాను. రెండు పక్షాలూ తెలిసినదాన్ని కాబట్టి న్యాయమూ తెలుసనుకున్నాను. ఆ నమ్మకం ఒక తండ్రికీ కూతురికీ మధ్య ఎంత పని చేయబోయిందో, దాన్ని ఆ ఇద్దరూ ఎంత ఓర్పుతో సరిదిద్దారో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కృతజ్ఞత చెప్పుకోవడానికి నాకు తెలిసిన పద్ధతి ఒకటే: జరిగింది జరిగినట్టు ఒప్పుకోవడం.

నేను కవిత్వం రాస్తాను, ఉర్దూ నుంచి తెలుగులోకి అనువదిస్తాను. ఉర్దూ మా ఇంటి భాష కాదు. మాది నేరేడ్‌మెట్‌లో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. తాతగారు ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చారు. అమ్మ ఒక బడిలో తెలుగు చెబుతుంది. నా చెవిన మొదట పడిన కవిత్వం ఆదివారం ఆరాధనలో అందరూ ఒక్క గొంతుగా చదివే కీర్తనలదే. ఉర్దూ మాత్రం నాకు ఓటమి వల్ల అబ్బింది. చివరి ఏడాది ఒక పోటీలో ఎదుటి పక్షం అమ్మాయి నా వాదనకు జవాబుగా రెండు ఉర్దూ పాదాలు చదివింది. హాలంతా నవ్వింది. నాకు ముక్క అర్థం కాలేదు, అయినా అందరితో పాటు నవ్వాను. తర్వాత తెలిసింది, అవి నన్ను వెక్కిరించే పాదాలట. మరుసటి నెలే సాయంత్రం క్లాసులో చేరి అలిఫ్, బే నేర్చుకోవడం మొదలుపెట్టాను. పగతో మొదలైన చదువు అది. చదవడం వచ్చేనాటికి ఆ అమ్మాయి మొహం కూడా గుర్తులేదు.

బతుకుతెరువు వేరే ఉంది. పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దుతాను, మందుల పెట్టెల్లో మడిచిపెట్టే కాగితాలు తెలుగు చేస్తాను, కొత్త అపార్ట్‌మెంట్ల ప్రకటనల్లో "ప్రశాంత వాతావరణం" అన్న మాటను నెలకు పదిసార్లు రాస్తాను. అవి మొదలయ్యే లోపు, ఉదయం రెండు గంటలు నావి. అమ్మమ్మ కుట్టుమిషను బల్లే నా రాతబల్ల. నోటుపుస్తకంలో ఎడమ పేజీ మీద మూలంలోని మాటకు మాట రాసుకుంటాను, కుడి పేజీ మీద తెలుగు కవితను కట్టుకుంటూ పోతాను. అమ్మ బడికి వెళ్తూ భుజం మీదుగా తొంగిచూసి, "కుడి పేజీ ఎడమ పేజీ కంటే పొడుగైతే అనుమానించు," అనేది. ఆ మాటను నేను తగినంత గట్టిగా పట్టించుకోలేదు.

ఆ తండ్రిని, అంటే నేను చాచా అని పిలిచే మనిషిని, నాకు పరిచయం చేసింది మా సంఘపు తరాజు, మనం త్రాసు అనేదే. మా చర్చిలో కోతపండుగకు సభ్యులు తెచ్చిన బియ్యం, గుమ్మడికాయలు, కూరగాయలు తూచి వేలం వేస్తారు. దానికి వాడే పాత తరాజును బాగుచేయించుకు రమ్మని పెద్దలు ఒక ఏడు నాకు అప్పగించారు. దాన్ని గోనెసంచిలో వేసుకొని బస్సెక్కి మోండా మార్కెట్‌కు వెళ్లాను. కూరగాయల వరుసలు దాటి, ఇత్తడి సామాను దుకాణాల వెనక సందులో ఒక ముసలాయన ఉన్నాడని చెప్పారు. దుకాణం అనడం మర్యాదకే. ఆయన లోపల కూర్చుంటే వచ్చినవాళ్లు మెట్టు మీద కూర్చోవాలి. డెబ్బై దాటిన మనిషి. ముందర ఒక చెక్కబల్ల, దాని మీద ఆకురాళ్లు, పళ్లేలు, గొలుసులు. ఎలక్ట్రానిక్ కాంటాలు వచ్చాక వాటిని విప్పడమూ నేర్చుకున్నాడట గానీ, వాటి మీద ప్రేమ లేదు.

మా తరాజును కొక్కేనికి వేలాడదీసి, పళ్లేలు ఖాళీగా వదిలి, ముల్లు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపటికీ ఏమీ తూచడే.

"బరువు పెట్టి చూడరా?" అన్నాను.

"ముందు ఖాళీగ నిలవడాలె బేటా. ఖాళీగ సక్కగ లేనిది బరువు పెడితే ఏం సక్కగుంటది?" అంటూ ఒక పళ్లేన్ని తిప్పి చూపించాడు. అడుగున నల్లగా ఎండిపోయిన చింతపండు ముద్ద అంటించి ఉంది. "మీ చర్చోళ్లు సుత గిట్ల చేస్తరా?"

నాకు సిగ్గేసింది. అదేమిటో నాకు తెలియదన్నాను.

"దీన్ని పాసంగ్ అంటరు. తరాజు ఒక దిక్కు వంగితే దాన్ని బాగుచేసే ఓపిక లేనోడు రెండో దిక్కు గింత చింతపండు అంటిస్తడు. చూసెటోనికి సమానం."

"సమానంగా కనబడితే సమానమే కదా చాచా?" వాదించే అలవాటు ఎక్కడికి పోతుంది?

"కాదు. చింతపండు ఎండకాలం ఎండుతది, వానకాలం నానుతది. తరాజు ఎప్పుడు అబద్ధమాడుతదో అంటించినోనికి సుత తెల్వదు."

ముద్దను గీకి పారేసి, గంటసేపు కాడను ఆకురాయితో రుద్దాడు. అప్పుడే బల్ల మూల మీద తెరిచి ఉన్న నోటుపుస్తకం నా కంట పడింది. కుడి నుంచి ఎడమకు పరుగెత్తే చేతిరాత. సగం చుక్కలు పెట్టనే లేదు. కూడబలుక్కుంటూ మొదటి పంక్తి పైకి చదివాను. ఆకురాయి ఆగిపోయింది.

"నా రాత చదివినవా?"

"కష్టపడి చదివాను."

"నా ఇంట్ల ఎవ్వలికి రాదు," అన్నాడు. దుఃఖంగా అనలేదు, సరుకు లేదని చెప్పినట్టు అన్నాడు.

అలా మొదలైంది. ప్రతి శనివారం, మధ్యాహ్నపు బేరాలు పలచబడ్డాక నేను మెట్టు మీద కూర్చునేదాన్ని. వారమంతా కట్టిన తెలుగును చదివి వినిపించేదాన్ని. ఆయనకు తెలుగు లిపి రాదు గానీ, మోండాలో యాభై ఏళ్లు తెలుగులోనే బేరమాడిన మనిషి; మాట వినబడితే చాలు. నేను చదువుతుంటే నా వైపు చూసేవాడు కాదు. ఎదురుగా ఏదో ఒక ఖాళీ తరాజు వేలాడదీసి దాని ముల్లునే చూసేవాడు. బాగుందని ఎప్పుడూ అనలేదు, బాగాలేదనీ అనలేదు. పంక్తి కుదరకపోతే, "జెర మళ్ల చదువు," అనేవాడు. మళ్లీ చదివితే తప్పు నాకే వినబడేది.

ఒకసారి బజారు మూసే వేళ మీద కవిత. "నిశ్శబ్దం ఆవరించింది" అని రాశాను.

"జెర మళ్ల చదువు."

చదివాను.

"మోండాల నిశ్శబ్దం ఎప్పుడైంది బేటా? నువ్వు చూసినవా? దుకాన్లు మూస్తే ఎలుకలుంటయి, ఊడ్చెటోళ్లు ఉంటరు, టమాటల మీద జారిపడి తిట్టెటోడుంటడు."

మూడు శనివారాల తర్వాత అది "అమ్మకాల గొంతులు ఆగాయి, చీపుళ్ల గొంతులు లేచాయి" అయింది. ఆయన ముల్లు మీద నుంచి చూపు తిప్పి చాయ్ తెప్పించాడు. ఒక పంక్తి నెగ్గిందనడానికి అదే గుర్తు. మా మధ్య మాట ఒకటే ఉండేది: ఆయన చెవిన పడకుండా ఏ కవితా బయటికి పోకూడదు. ఏడాదిన్నరలో పదికి పైగా కవితలు అలా నెగ్గాయి, కొన్ని పత్రికల్లో అచ్చయ్యాయి. నా సొంత కవితలకు కూడా అంత శ్రద్ధగా విన్న చెవి దొరకలేదు.

ఆ శనివారాల్లోనే ఆయన కూతురినీ చూశాను. నలభై దాటిన మనిషి. యాప్రాల్‌లో ఇంటి ముందు గదిలో పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. అపార్ట్‌మెంట్లలో పుట్టి తెలుగు రాయడం రాని పిల్లలకు అ ఆలు దిద్దిస్తుంది. తల్లి పోయి చాలా ఏళ్లయింది, ఈమె ఒక్కతే సంతానం. ప్రతి శనివారం తండ్రికి డబ్బాలో కిచిడీయో, పుల్లటి ఖట్టాయో తెచ్చేది. నేను ఆమెను అక్క అన్న అర్థంలో ఆపా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. చదువంతా తెలుగు మీడియం. ఖురాన్ చదవగలదు గానీ, తండ్రి గబగబా గీకే ఉర్దూ ఆమెకు అందదు. "అబ్బా రాత అచ్చం చీమలు సిరాల పడి లేచినట్టుంటది," అని నవ్వేది.

"అయితే ఆపాకు చదివి వినిపించవచ్చు కదా, ఉర్దూ మాట్లాడుతుంది కదా?" అని ఒకసారి చాచాను అడిగాను.

"కొన్ని మొఖం చూసుకుంట చదివేటివి కావు," అన్నాడు.

ఆ కొన్నింటిలో ఒకటి నాకు ఇచ్చింది రంజాన్ తర్వాతి శనివారం. నోటుపుస్తకం వెనక పేజీల్లో ఉంది. నా చేతికిచ్చి తను సందు వైపు తిరిగి కూర్చున్నాడు. దాన్ని మాటకు మాట తెలుగు చేస్తే ఇంతే:

నా బిడ్డ కాలేజీ దరఖాస్తు
నా సంతకం కోసం వారం రోజులు
ఈ బల్ల మీద ఎదురుచూసింది.
బల్లకు ఒక కాలు పొట్టి.
ఎనిమిదో రోజు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
ఆ కాలి కింద దూర్చాను.
ఆనాటి నుంచి నా తరాజులన్నీ
సరిగ్గా తూగుతున్నాయి.

నేను కిందికి చూశాను. ఏడాదిన్నరగా నా చెప్పులు విడిచే చోటు పక్కనే, బల్ల కాలి కింద, గోధుమరంగు తిరిగిన మడత ఒకటి ఉంది.

"ఆపాకు తెలుసా?"

"గడువు దాటిపోయిందని చెప్పిన. నమ్మింది."

"ఎందుకు చాచా? ఎందుకు సంతకం పెట్టలేదు?"

"ఎందుకో రాసి ఉంటే చదువుదువు గద," అన్నాడు. తర్వాత తన కోరిక చెప్పాడు. అది ఆమెకు వచ్చిన అక్షరాల్లో, అచ్చులో, ఆమె ఇంట్లో ఆమె ఒక్కతే చదవాలి. మొహం మీద చెప్పే ధైర్యం ఇన్నేళ్లలో రాలేదు, ఇక రాదు. "నేను పోయినంక ఎవరో చదివి చెప్పుడు కంటే, నేనుండంగ తెలవాలె. తెలిసినంక ఆమె ఏమన్న సరే." ఇది ఆయన నాకు అప్పగించిన పని. ఇంత పెద్దది ఎవరూ ఎప్పుడూ నాకు అప్పగించలేదు.

ఆ వారమంతా ఆ కవిత నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. తెలుగులో పెట్టేసరికి మరీ కఠినంగా కనిపించింది. ముద్దాయి ఒక్కడే బోనులో నిలబడి తన మీద తానే నేరం చదువుకుంటున్నాడు, అతని తరఫున ఒక్క మాట లేదు. ఇది న్యాయమా అనుకున్నాను. వేర్వేరు శనివారాల్లో ఆయన చెప్పిన సంగతులు నా దగ్గర ఉన్నాయి: ఇంటర్ తర్వాత కూతురి చదువు ఆగిపోవడం, భార్య మంచం పట్టడం, కూతురే ఆమెను చూసుకోవడం. ఈ రెంటినీ నేనే కలిపేశాను. ఏది ముందో, ఏది వెనకో అడగలేదు. చివరి రెండు పంక్తులకు ముందు ఇంకో రెండు చేర్చాను:

ఇంట్లో మంచం పట్టిన మనిషి, మందుల వాసన,
మరో దారి కనబడని నెల.

కుడి పేజీ ఎడమ పేజీ కంటే రెండు పంక్తులు పొడుగైంది. చాలా బాగుందనిపించింది.

పత్రిక సంపాదకుడు శుక్రవారంలోగా పంపమన్నారు. మా శనివారం మరునాడు. ఫోన్‌లో చదివి వినిపించవచ్చు, ఒక వారం ఆగమని అడగవచ్చు. ఏదీ చేయలేదు. గడువు నాకు సాకు మాత్రమే. "జెర మళ్ల చదువు" అంటాడని నాకు ముందే తెలుసు. పంపేశాను.

అచ్చయిన ప్రతులు రెండు తీసుకెళ్లి ఇచ్చాను. చాచా పేజీని అరచేత్తో సాపు చేస్తూ, చదవలేని ఆ అక్షరాలను ఒక్కొక్కటిగా చూశాడు.

"అంత ఉన్నదా బేటా?"

"ఉంది చాచా," అన్నాను.

అందులో అబద్ధం లేదు. ఆయన రాసినదంతా ఉంది. వేదిక మీద ఇలాంటి జవాబులకు నాకు మార్కులు పడేవి.

ఆ రోజే డబ్బా తెచ్చిన ఆపా చేతికి ఒక ప్రతి ఇచ్చి, "ఇంటికి పోయి చదువు. ఒక్కదానివే చదువు," అన్నాడు. ఆమె నవ్వుతూ, "ఏందబ్బా, గంత సీక్రెట్?" అని బ్యాగులో పెట్టుకొని వెళ్లింది. తర్వాతి శనివారం ఆమె రాలేదు. ఆ తర్వాతి శనివారమూ రాలేదు. చాచా చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్లు ముంచుకు తిని పూట గడిపాడు. "కోపం రాకుంటే ఎట్ల, వస్తది. రావాలె గద," అన్నాడు గానీ, సందు మలుపులో ఎవరి అడుగు వినబడినా తల ఎత్తాడు.

సోమవారం ఉదయం, నేను ప్రూఫులు ముందేసుకొని కూర్చున్నప్పుడు ఆపా ఫోన్ చేసింది.

"చెల్లె, ఒక మాట అడుగుతా, సీదా చెప్పు. మంచం పట్టిన మనిషి, మందుల వాసన అని ఉన్నది గద. గది అబ్బా రాసిండా?"

"ఆపా, అనువాదంలో కొన్నిసార్లు మూలం వెనక ఉన్న సందర్భాన్ని..."

"డిబేట్ వద్దు చెల్లె. అవునా, కాదా?"

"కాదు. నేను రాశాను."

అవతల ఆమె తలుపు దగ్గరికి వేసిన చప్పుడు వినబడింది.

"మా అమ్మీ మంచం పట్టింది నా ఇంటర్ అయిన మూడో ఏడు," అంది. "దరఖాస్తు అడిగిన నాడు అమ్మీ మంచిగనే ఉండె. నా పక్కకెళ్లి అబ్బాతో కొట్లాడింది సుత. రెండేండ్లు ఆమెను చూసుకున్నది నేను, నాకు యాదుండదా? కాగితం దాచిండని చదివి నేను ఏడ్వలే. సచ్చిపోయిన మనిషిని గవాహికి, సాక్ష్యానికి తెచ్చుకున్నడని చదివి ఏడ్చిన. ఆమెకు నోరు లేదు గదా, కాదని చెప్పనీకి."

క్షమించమన్నాను.

"నాకెందుకు? నువ్వు పోయి ఆయనకు చెప్పు. నాతోని చెప్పియ్యకు."

ఆ మధ్యాహ్నమే వెళ్లాను. శనివారం కాని రోజు నన్ను చూసి చాచా ఆకురాయి పక్కన పెట్టాడు. నేను మెట్టు మీద కూర్చొని, అచ్చయిన కవితను మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఆయన ఎప్పటిలా ముల్లును చూస్తూ విన్నాడు. ఆ రెండు పంక్తుల దగ్గర మళ్లీ చదవమనలేదు. చదవడం అయ్యాక ఆపా ఏమన్నదో చెప్పాను. "అంత ఉన్నదా" అని అడిగినప్పుడు నేను ఏం దాచానో కూడా చెప్పాను.

ఆయన చెయ్యి చాచి, ఎదురుగా ఉన్న తరాజు పళ్లేన్ని తిప్పి అడుగు చూపించాడు. శుభ్రంగా ఉంది.

"పాసంగ్ అంటించినవ్ బేటా."

"బరువంతా మీ మీదే పడిందనిపించింది చాచా."

"పడనీ. నాదే గద. నేను నిన్ను వకీలును తెమ్మన్ననా? చదివెటోళ్లను తెమ్మన్న."

మూడేళ్ల శిక్షణలో ఎవరూ నన్ను అంత పొట్టి వాక్యంతో ఓడించలేదు.

"కోపంగా ఉందా?"

"ఉన్నది. ఉంటే ఏం చెయ్యాలె, తూకం బాట్లు ఇసిరి కొట్టాల్నా? లే. షట్టర్ దించనీకి జెర చెయ్యి పట్టు. యాప్రాల్ పోదాం."

తూనికరాళ్లు వేసుకునే గుడ్డసంచిలో నోటుపుస్తకం పెట్టుకున్నాడు. బస్సులో నాకు కిటికీ పక్క సీటిచ్చి, తాను పక్కన కూర్చున్నాడు. తిరుమలగిరి దాటాక ఒక్కమాటే అన్నాడు: "ఇన్నేండ్లు అచ్చయితే నేను తప్పించుకోవచ్చనుకున్న. గట్ల కాదు అన్నట్టు."

మేం వెళ్లేసరికి ట్యూషన్ నడుస్తోంది. చాప మీద పది మంది పిల్లలు చూచిరాత రాస్తున్నారు. ఆపా లేచి, పరాయివాళ్లతో అన్నట్టు, "కూసోండి," అంది. చాచా కుర్చీలో కూర్చొని, ఇంకేమీ అనకుండా నోటుపుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాడు. ఉర్దూలో, తన గొంతుతో, మెల్లగా, బేరం కుదిరాక బరువు చెప్పే స్వరంలో. ఎనిమిది పంక్తులే. చివరి పంక్తి దగ్గర తలెత్తి కూతురి మొహం చూసి చదివాడు. నా అనువాదంతో అక్కడ ఎవరికీ పని లేకపోయింది. ఒక అనువాదకురాలు అలా పక్కన కూర్చోవలసి రావడం ఎంత మంచి విషయమో నాకు ఆ గదిలో తెలిసింది.

పిల్లలు పెన్సిళ్లు ఆపేశారు. ముందు వరుసలోని చిన్నపిల్ల, "టీచర్, తాత ఎందుకు చదువుతున్నడు? హోంవర్కా?" అంది.

"హోంవర్కే," అంది ఆపా. "జెర లేట్ అయింది. నువ్వు రాసుకో."

తర్వాత తండ్రిని ఒక్కటే అడిగింది. వాళ్లు ఉర్దూలో మాట్లాడుకున్నారు, నేను ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. ఇద్దరికీ చదివి వినిపించి, ఒప్పుకున్నాకే పెడుతున్నాను.

"ఎందుకు అబ్బా? అమ్మీ మంచిగనే ఉండె. నువ్వు మంచిగనే ఉంటివి. ఎందుకు?"

చాచా నోటుపుస్తకం మూశాడు. "నేను చదివింది ఏడో తరగతి. ఇంట్ల నాకే చదువొచ్చు, నేనే షాయర్, కవిని అని నాకు గర్వం ఉండె. నువ్వు కాలేజీకి పోతే ఒకనాడు నా రాతను తరాజుల పెట్టి జోకుతవనిపించింది. జోకి తక్కువున్నదంటవని భయమైంది. గంతే. ఇంకేం లేదు."

నేను ఆయన కోసం పోగుచేసిన సాక్ష్యాల్లో ఈ మాట లేదు. ఇంత చిన్నది, ఇంత సిగ్గుపడే కారణం నా ఊహకే రాలేదు. ఒక మనిషికి ఇవ్వడానికి నేను వెతికిన గౌరవమైన కారణం కంటే, ఆయన దగ్గరున్న ఆ చిన్న కారణమే ఆయనను నా కళ్లలో పెద్దవాణ్ని చేసింది.

ఆపా వంగి చిన్నపిల్ల చేతిలో పెన్సిలు సరిగ్గా పట్టించింది. పిల్లల పెన్సిళ్లు మళ్లీ కదిలాయి. అప్పుడు అంది: "జోకుదును అబ్బా. జోకి, మంచిగుందనే చెప్దును."

చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. ఆమె క్షమించిందా? నాకు తెలియదు, అడగలేదు. చాయ్‌లో చక్కెర మాత్రం సరిగ్గా తండ్రి తాగేంతే వేసింది.

ఆ శనివారం ఆమె డబ్బాతో దుకాణానికి వచ్చింది. డబ్బా నా చేతిలో పెట్టి, "బల్ల జెర ఎత్తు అబ్బా," అంది. నేనూ ఒక చెయ్యి వేశాను. ఆపా వంగి, కాలి కింద నుంచి కాగితాన్ని గోటితో మెల్లగా లాగింది. మడతల దగ్గర చిరుగుతోంది. నట్టనడుమ బల్ల కాలి ముద్ర నలుచదరంగా పడింది. ఒళ్లో పెట్టుకొని విప్పింది. తన పేరు, తన మార్కులు, తన చిన్ననాటి చేతిరాత. కింద తండ్రి సంతకం చోటు ఖాళీ. బ్యాగులోంచి పెన్ను తీసి ఆయనకు ఇచ్చింది.

"సంతకం పెట్టు. వారం రోజులన్నవ్ గద. అయిపోయింది."

చాచా పెన్ను అందుకొని పెట్టాడు. ఈసారి చుక్కలన్నీ పెట్టాడు. ఆమె ఆరేదాకా ఊది, మడవకుండా, పిల్లల డ్రాయింగ్ షీట్ల ఫైలులో పెట్టుకుంది.

బల్ల వదిలేసరికి ఊగింది. వేలాడుతున్న తరాజులన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. ఆపా తన బ్యాగులోంచి పత్రిక తీసి, మా కవిత ఉన్న పేజీ చించి, నాలుగు మడతలు పెట్టి కాలి కింద దూర్చింది.

"నీ రెండు లైన్లు గీడ పనికొస్తయి చెల్లె. గట్టిగున్నయి."

ముందు చాచా నవ్వాడు. తర్వాత నేనూ నవ్వాను, ఈసారి అర్థమై నవ్వాను. ఆయన ఒక ఖాళీ తరాజు తగిలించి ముల్లు చూశాడు. నిలబడింది. చాయ్ తెప్పించాడు.

సంపాదకుడికి నా తప్పు వివరంగా రాశాను. ఆ రెండు పంక్తులు అనువాదకురాలివనీ, కవివి కావనీ మరుసటి సంచికలో వేశారు, కవితను ఎనిమిది పంక్తులతో మళ్లీ అచ్చువేశారు. అమ్మ ఆ సంచికను చదివి, దిద్దడానికి ఎర్రపెన్ను ముట్టుకోలేదు. చాచా పుస్తకం తెలుగులో తయారవుతోంది. ఇప్పుడు శనివారాల్లో మెట్టు మీద ఇద్దరం కూర్చుంటాం: నేను తెలుగు చదువుతాను, ఆపా ముల్లు కేసి చూస్తుంది. "జెర మళ్ల చదువు" అనేవాళ్లు ఇప్పుడు ఇద్దరు. పని రెట్టింపు ఆలస్యమవుతోంది. ఇంత సంతోషమైన ఆలస్యం నా పనిలో ఇంకొకటి లేదు. వాళ్లు నన్ను మెట్టు దిగి పొమ్మని ఉంటే న్యాయంగానే ఉండేది, పొమ్మనలేదు. అందుకు వాళ్లకు నేను చెప్పుకోగల కృతజ్ఞత, వాళ్లు చెప్పనిది ఒక్క మాటా చెప్పకుండా ఉండటమే.

మొదటి ప్రశ్నకు తిరిగి వస్తాను, ఈసారి జవాబు చేతిలో లేకుండా. లోపం ఎవరిదో తేల్చే పని మనది కాదేమో. అడిగే పని మాత్రం మనదే. కాబట్టి మిమ్మల్ని కోరుతున్నాను: ఈ వారంలోనే, మీరు చదవలేని చేతిరాత గల మీ మనిషి పక్కన కూర్చోండి. ఒక్క పేజీ పైకి చదవమని అడగండి. విన్నది మీకు వచ్చిన అక్షరాల్లో రాసుకొని, వారికే తిరిగి చదివి వినిపించండి. మళ్లీ చదవమంటే మళ్లీ చదవండి. జాలితోనైనా సరే, ప్రేమతోనైనా సరే, మీ సొంత మాట ఒక్కటి కూడా అంటించకండి.